చేతితో చదివిన పుస్తకములు



హైదరాబాదు నగరమున ఆబిడ్సు వీధులలో, ఆదివారమునాడు దుకాణముల తలుపులు మూసియుండగా, వాటి ముందరి కాలిబాటలపై పాతపుస్తకములు పరచి అమ్మెడి సంత యొకటి జరుగునని మీలో పెక్కండ్రెరిగినదే. కొన్ని సంవత్సరముల క్రిందట అక్కడ, పోటీపరీక్షల గైడ్లకును అట్టలూడిన ఆంగ్లనవలలకును నడుమ, పసుపుబారిన పలుచని పుస్తకమొకటి నా కంటబడినది. తెరచి చూడగా అందు వాక్యములు తక్కువ. పుటల నిండ 10, 20, 30 అను అంకెలతో మొదలగు పొట్టిపొట్టి పంక్తులు, ఆ పంక్తులలో కుండలీకరణములు, నక్షత్రపు గుర్తులు, డాలరు గుర్తులు. అమ్మెడివాడు "లెక్కల పుస్తకమండీ, ఇరవై రూపాయలిచ్చి తీసుకోండి" అనెను. అది లెక్కల పుస్తకము కాదు. ఇండ్లలో ఉంచుకొనదగిన కంప్యూటర్లు తొలుత అంగళ్ళకు వచ్చిన దినములలో, అనగా 1980 ప్రాంతమున, వాటిని కొన్నవారు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుటకై ఆంగ్లదేశమున అచ్చైన పుస్తకము. ఒక పుటలో 340వ పంక్తికి ఎదురుగా, అంచున, ఎవరో పెన్సిలుతో ఒక్క అక్షరమును దిద్దియుండిరి. ఆ దిద్దుబాటే నాచేత ఆ పుస్తకమును కొనిపించినది.

ఈనాడు మనము ప్రోగ్రామును కొనుచున్నాము, లేదా ఊరకనే దింపుకొనుచున్నాము. అది లోపల నెట్లు వ్రాయబడినదో మన కగపడదు, అగపడవలెనని మనము కోరుటయు లేదు. ఆ కాలపు స్థితి వేరు. పెక్కు గృహయంత్రములకు విద్యుత్తు నందించిన తోడనే తెరపై 'సిద్ధము' అను అర్థము నిచ్చు మాట యొకటి, దాని క్రింద మినుకుమినుకుమను చిన్న చతురస్రమొకటి కనిపించెడివి, అంతే. ఆపైన ఏమి జరుగవలెనన్నను ఎదుట కూర్చున్నవాడే చెప్పవలెను. చెప్పుటకు బేసిక్ అను భాష రావలెను. ఆ భాష వచ్చుటకు పుస్తకము కావలెను. పుస్తకములోని ప్రోగ్రామును చూచుచు, పంక్తి వెంట పంక్తిగా మీటలు నొక్కి, యంత్రమున కెక్కింపవలెను. క్యాసెట్టుపై దాచుకొననియెడల విద్యుత్తు పోయిన క్షణముననే సమస్తమును పోవును. మరునాడు మరల మొదటినుండి. కావున ఈ పుస్తకములను కంటితో మాత్రము చదివి ప్రక్కన పెట్టినవాడు చదువనివానితో సమానుడే. తాటాకుపై ప్రతి వ్రాసుకొన్నవానికి గాని గ్రంథము దక్కని పూర్వకాలమును ఇవి కొంత తలపునకు దెచ్చును.

బేసిక్ భాష పుట్టినది ఇండ్ల కొరకు కాదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున, డార్ట్‌మత్ కళాశాలలో గణితాచార్యులైన జాన్ కెమెనీ, థామస్ కర్ట్స్ అనువారలు, సాహిత్యము, చరిత్ర చదువుకొను విద్యార్థులకు సైతము కంప్యూటరు అందుబాటులో ఉండవలెనను కోరికతో దానిని రచింపగా, 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు తొలి ప్రోగ్రాము నడచినది. కెమెనీ యౌవనమున ఐన్‌స్టీనునకు గణితసహాయకుడుగా పనిచేసినవాడు. అంతటివాడు అ ఆలు నేర్పు భాషను తయారుచేయుటకు పూనుకొనుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. పదేండ్లు గడచినవి. 1975లో ఆల్టెయిర్ అను యంత్రము విడిభాగముల పొట్లముగా వచ్చినది. 1977లో ఆపిల్, కొమడోర్, టాండీ సంస్థల యంత్రములు మూడును పూర్తిరూపమున వెలువడినవి. వీటన్నిటిలోను బేసిక్ భాషయే ప్రవేశించినది.

ఆ యంత్రముల స్మృతి యెంతటిదో చెప్పినగాని ఆ పుస్తకముల తీరు బోధపడదు. 1981లో ఆంగ్లదేశమున సింక్లెయిర్ సంస్థ 69 పౌండ్ల 95 పెన్సులకు అమ్మిన జెడ్‌ఎక్స్81 యంత్రమున నున్న స్మృతి 1024 బైట్లు. నేటి పద్ధతిని తెలుగులిపిలోని ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు పట్టును గనుక, ఆ యంత్రమున 341 గుర్తులకు మించి పట్టవు. గుణింతములు, వత్తులు వేరువేరుగా లెక్కకు వచ్చును గాన, ఇంచుమించు రెండు ఉత్పలమాలలు వ్రాసినచో పాత్ర నిండును, మూడవ పద్యమునకు చోటుండదు. పైగా తెరపై కనిపించు అక్షరములకు సైతము ఆ వేయి బైట్లలోనే పాలు పంచవలెను. అటువంటి ఇరుకింటిలో కాపురము నేర్పుటకు స్టీవెన్ విక్కర్స్ అను గణితజ్ఞుడు వ్రాసిన పుస్తకము యంత్రముతో కూడ పెట్టెలోనే వచ్చెడిది. దాని యట్టపై జాన్ హ్యారిస్ అను చిత్రకారుడు వేసిన భవిష్యన్నగరము వంటి బొమ్మ. లోపల ఎంతో నెమ్మదిగా, అడుగడుగున అభ్యాసములతో సాగు పాఠము. స్మృతి చాలనివారు 16 కిలోబైట్ల పెట్టె నొకదానిని యంత్రము వెనుక తగిలించుకొనెడివారు. అది రవంత కదలినచో, మూడు గంటలు మీటలు నొక్కి యెక్కించినది కాస్తయు మాయమైపోవుట ఆనాటివారందరు చెప్పుకొను కథ.

ఇట్టి గ్రంథములకు పెద్ద బాలశిక్ష వంటిది డేవిడ్ ఆల్ కూర్చిన ఆటల పుస్తకము. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో నుండగా ఆయన 1973లో నూటయొక్క ఆటలను సంపుటీకరించి అచ్చువేయించెను. తరువాత ఉద్యోగము మాని, క్రియేటివ్ కంప్యూటింగ్ అను పత్రికను స్థాపించి, ఆ సంపుటమునే 1978లో గృహయంత్రములకు తగినట్లు సవరించి ప్రకటించెను. కంప్యూటరు పుస్తకములలో పదిలక్షల ప్రతులు అమ్ముడైనది అదియే మొదటిదని ప్రసిద్ధి. అందు హామురాబి అను ఆట కలదు. ఆడువాడు ప్రాచీన సుమేరియాకు రాజు; పాలనాకాలము పదేండ్లు; మొదట 100 మంది ప్రజలు, 1000 ఎకరముల భూమి, గాదెలలో 2800 బుషెళ్ళ ధాన్యము. మనిషికి ఏడాదికి 20 బుషెళ్ళు తిండికి కావలెను, ఒక్కొక్కడు 10 ఎకరములకు మించి సేద్యము చేయజాలడు. నడుమ ఎలుకలు ధాన్యమును తినిపోవును, అప్పుడప్పుడు మహమ్మారి వచ్చి సగము మందిని తీసికొనిపోవును. ఒక్క ఏట ప్రజలలో నూటికి 45 మందికి మించి ఆకలిచే మరణించిరా, రాజును సింహాసనమునుండి దించివేయుదురు.

ఈ రాజ్యతంత్ర మంతయు నూరుపైచిలుకు పంక్తులలో ఇమిడియున్నది. ఆ పంక్తులను స్వహస్తముతో ఎక్కించిన పండ్రెండేండ్ల బాలుడు ఆట మొదలు కాకముందే రాజ్యరహస్యముల నెరిగిన మంత్రి యగును. మహమ్మారి ఏటికి నూటికి 15 పాళ్ళ సంభావ్యతతో వచ్చునని వాడు తన వ్రేళ్ళతోనే వ్రాసెను. దైవఘటన యనుకొన్నది ఒక గుణకారము, ఒక పోలిక! ఇక ఆ 45ను 90గా మార్చినచో ఏమగునో చూడవలెనను దుర్బుద్ధి వానికి పుట్టక మానదు. మార్చును. రాజు నిరంకుశుడగును. ఎలుకలను నిర్మూలించును, ఎకరమునకు పండు ధాన్యమును పెంచును, చివరకు ఆట రుచి చెడి పూర్వస్థితికి తెచ్చును. ఇంతలో వాని కెరుక లేకుండనే వాడు పాఠకుని పీట విడిచి రచయిత పీటపై కూర్చుండెను. నేటి బాలుడు ఆటలో ఓడినయెడల మరల ఆడును. ఆనాటి బాలుడు ఓడినయెడల 45వ సంఖ్య దగ్గరకు పోయెను. ఈ తేడాను గురించి చెప్పుటకే నేనీ ప్రసంగమునకు ఒప్పుకొన్నది.

పండితులు బేసిక్ భాషను మెచ్చలేదు. నెదర్లాండ్సుకు చెందిన ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా అను మహాశాస్త్రజ్ఞుడు, బేసిక్ అలవడిన విద్యార్థులకు మంచి ప్రోగ్రాము రచన నేర్పుట అసాధ్యప్రాయమనియు, వారి బుద్ధి బాగుపడని రీతిని చెడిపోవుననియు 1975లో కఠినముగా వ్రాసెను. ఆ యాక్షేపణలో నిజము లేకపోలేదు. ఏ పంక్తినుండి యే పంక్తికైనను ఎగిరిపొమ్మని చెప్పు 'గోటూ' అను ఆజ్ఞ చేత చిరు ప్రోగ్రాము సైతము చిక్కుపడిన దారపుండ యగును. పంక్తుల సంఖ్యలను పదేసి చొప్పున వేయుటలోనే, నడుమ మరచిపోయినది దూర్చుకొనుటకు తొమ్మిది ఖాళీలు ముందుగానే విడుచుకొను అతుకుల బుద్ధి కనిపించును. అయినను ఇది వీధిబడి పిల్లవాని మాటలలో అరసున్నలు, శకటరేఫములు లేవని వైయాకరణుడు కోపగించుట వంటిదని నాకు తోచును. మాట వచ్చిన పిమ్మట వ్యాకరణము నేర్పవచ్చును. పెక్కుమంది నేర్చుకొనిరి కూడ.

ఇక తప్పుల ప్రస్తావన. మన తాళపత్ర గ్రంథముల లేఖకులు చివర, 'చూచినది చూచినట్లు వ్రాసితిని, దోషములున్న నన్ను నిందింపకుడు' అను అర్థము గల శ్లోకమొకటి చేర్చి చేతులు కడుగుకొనెడివారు. మీటలు నొక్కెడి బాలునకు ఆ సౌకర్యము లేదు. అచ్చుపొరపాటయినను, తన పొరపాటయినను, యంత్రము ముందుకు కదలదు. సున్నకును ఆంగ్లాక్షరమైన 'ఓ'కును భేదము మసకబారిన అచ్చులో తెలియదు. ఒకటి అంకెకును 'ఎల్' అక్షరమునకును అంతకంటె తెలియదు. కేవలము 0 మొదలు 255 వరకు గల సంఖ్యలు పుటలకు పుటలు అచ్చువేసిన యంత్రభాషా ప్రోగ్రాములలో నైతే, ఒక్క సంఖ్య తప్పిన యంత్రము మూర్ఛపోయి, తప్పెక్కడనో చెప్పకయే సమస్తమును మరచెడిది.

ఈ బాధకు 1983లో కంప్యూట్ అను అమెరికా పత్రిక చక్కని ఉపాయము పన్నినది. ముందుగా చిన్న ప్రోగ్రాము నొకదాని నెక్కించుకొన్నచో, తరువాత వ్రాయు ప్రతి పంక్తికిని అందలి అక్షరముల విలువలు కూడి ఒక సంఖ్యను అది తెర మూలను చూపును. పత్రికలో ఆ పంక్తి ప్రక్కన అచ్చువేసిన సంఖ్యతో అది సరిపోయెనా, పంక్తి నిర్దుష్టము. ఇది చదివినప్పుడు నాకు మన ఛందస్సు తలపునకు వచ్చినది. ఉత్పలమాలలో పాదమునకు ఇరువది యక్షరములు, భ ర న భ భ ర వ గణములు, పదవ యక్షరమున యతి, రెండవ యక్షరమున ప్రాస. లేఖకు డొక యక్షరమును జారవిడిచినను, గురువునకు బదులు లఘువు వ్రాసినను పద్యము తనంత తానే కుంటి, దొంగను పట్టించును. వచనమునకు ఈ కావలి లేదు. అందుచేతనే కాబోలు, వచనగ్రంథములు ప్రతులలో ఎక్కువ చెడుట. ఇంకొక చమత్కారము గలదు. ఆ పత్రికవారి తొలి ఉపాయము కేవలము కూడిక గనుక, రెండక్షరములు తమలో తాము స్థానములు మార్చుకొన్నచో దానిని పట్టుకొనజాలకపోయెను. తరువాతి కాలమున దానిని సవరించిరి. పద్యమున సైతము అంతే: ప్రక్కప్రక్కనున్న రెండు లఘువులు తారుమారైనచో గణము చెడదు, లేఖకుడు తప్పించుకొనును!

పిల్లల కొరకు లండనునందలి అజ్‌బర్న్ ప్రచురణాలయమువారు 1982 నుండి వెలువరించిన పలుచని పుస్తకములు మరియొక వింత. పుటపుటకును రంగులబొమ్మలు, యంత్రము లోపల పరుగులెత్తు చిన్న మరమనుష్యులు, గ్రహాంతర యుద్ధములు. అయితే నా దృష్టి నాకర్షించినది బొమ్మలు కాదు, అంచులలోని గుర్తులు. ఆ దినములలో ఒక్కొక్క సంస్థ యంత్రము ఒక్కొక్క మాండలికమైన బేసిక్ మాటలాడెడిది గనుక, ప్రోగ్రామును ఒక్క పాఠముగా అచ్చువేసి, మార్చవలసిన పంక్తులకు ఎదురుగా నక్షత్రము, త్రికోణము వంటి గుర్తులుంచి, ఫలానా యంత్రమున కిట్లు మార్చుకొనుడని క్రింద పాఠాంతరము లిచ్చెడివారు. ప్రతులు నాలుగు సేకరించి పాఠభేదములను అడుగున చూపెడి మన పరిష్కర్తల పద్ధతి యిదియే. 2016లో ఆ సంస్థవారు ఆ పాతపుస్తకములలో కొన్నింటిని ఉచితముగా అందరి కందునట్లు చేసిరి.

మూలమునకు పరిష్కర్త యున్నప్పుడు వ్యాఖ్యాత యుండకపోవునా? సింక్లెయిర్ సంస్థవారి స్పెక్ట్రమ్ యంత్రమున శాశ్వతముగా అచ్చుగ్రుద్దిన 16 కిలోబైట్ల ఆజ్ఞావళికి ఇయాన్ లోగన్, ఫ్రాంక్ ఓహారా అను ఇరువురు 1983లో ఆద్యంతము టీక వ్రాసి ప్రకటించిరి. కథ లేదు, రసము లేదు. ప్రతి యాజ్ఞకును ప్రతిపదార్థము. మల్లినాథుడు చూచినచో మెచ్చుకొనియుండును.

ఈ పుస్తకచరిత్రలో మన దక్షిణదేశమునకు చేరువైన వ్యక్తి ఒకడున్నాడు. రమణమహర్షి భక్తుడై తిరువణ్ణామలైలో స్థిరపడిన ఆర్థర్ ఆస్‌బర్న్ అను ఆంగ్లేయుని గురించి ఆధ్యాత్మిక గ్రంథములు చదువువారు వినియుందురు. ఆయన కుమారుడైన ఆడమ్ బాల్యము అరుణాచలము నీడలో గడచినది. ఆ బాలుడు తమిళము ధారాళముగా మాటలాడెడివాడు. పెద్దవాడై అమెరికా చేరి, మైక్రోకంప్యూటర్లపై తాను వ్రాసిన పుస్తకమును ప్రచురణకర్త నిరాకరింపగా తానే అచ్చువేసికొని, ఆ విద్యకు ప్రత్యేకమైన ప్రచురణసంస్థనే నిలిపి, 1979లో దానిని మెక్‌గ్రా-హిల్ వారికి విక్రయించెను. పుస్తకములతో ఆగినచో బాగుండెడిది. 1981లో చేతపట్టుకొని పోదగిన కంప్యూటరు నొకదానిని తెచ్చి, ఆకాశమున కెగసి, 1983లోనే దివాలా తీసెను. తుదకు 2003లో కొడైకెనాలులో కన్నుమూసెను. తండ్రి వెదకిన మౌనమునకును కొడుకు వెదకిన వేగమునకును తమిళదేశపు కొండలే సాక్షి యగుట విచిత్రము గదా!

మన కంప్యూటర్ల కథ హైదరాబాదునకు దూరమైనది కాదు; ఇక్కడి ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అను యంత్రమును నిర్మించినది. కాని ఇంటింటి యంత్రము మాత్రము మనకు చాలకాలము పుస్తకములోని బొమ్మయే. వి. రాజారామన్ గారు కాన్పూరు ఐఐటీలో నుండి ఫోర్ట్రాన్ భాషపై వ్రాసిన చౌకవెల పాఠ్యగ్రంథము యంత్రమును కన్నులార చూడని విద్యార్థుల చేతులలో సైతము నలిగినది. నేను చదివిన కళాశాలలో యంత్రములు మూడో నాలుగో యుండెను. వాటి గది చల్లగా నుండెడిది. చెప్పులు వెలుపల విడిచి, దేవాలయమున కేగినట్లు లోని కేగవలెను. వారమున కొక్కసారి, ఒక్కొక్క యంత్రమునకు ముగ్గురము. కావున తక్కిన ఆరు దినములును నోటుపుస్తకమున ప్రోగ్రామును వ్రాసి, ప్రక్కన గళ్ళు గీసి, ఏ పంక్తి తరువాత ఏ విలువ యెంత యగునో పెన్సిలుతో మేమే వేసికొనెడివారము. యంత్రము లేనప్పుడు మేమే యంత్రము. మా వేగము సెకనుకు కాదు, నిమిషమునకు రెండు పంక్తులు. 1984లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రములు పంపినప్పుడు, పేరులో రేడియోసంస్థ యున్న ఆ యంత్రము మాకు మొదట అర్థము కాలేదు. నిజమునకు బ్రిటిషు ప్రసారసంస్థయే కంప్యూటరు విద్యపై టెలివిజను పాఠములు తలపెట్టి, ఆ పాఠములకు తోడుగా కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థచేత దానిని చేయించినది. పండ్రెండువేలు అమ్ముడగునని యంచనా వేయగా, పదిహేను లక్షలకు పైగా అమ్ముడైనవి.

ప్రసారసంస్థల ప్రస్తావన వచ్చినది గనుక, ఈ స్టూడియోలో కూర్చుండి చెప్పక తప్పని విశేషమొకటి. క్యాసెట్టుపై దాచిన ప్రోగ్రాము వినుటకు కీచుమను ధ్వని మాత్రమే. ధ్వని యైనప్పుడు రేడియోలో ప్రసారము చేయరాదా? నెదర్లాండ్సులో ఎన్‌ఓఎస్ సంస్థవారు చేసిరి. వేర్వేరు మాండలికములు మాటలాడు యంత్రములన్నిటికి సమానమైన బేసికోడ్ అను ఒక ఉమ్మడి భాషను కల్పించి, ఆకాశమార్గమున ప్రోగ్రాములు పంపిరి. డైక్‌స్ట్రా జన్మభూమిలోనే ఇది జరిగినది! యుగోస్లావియాలో నైతే, 50 జర్మను మార్కులకు మించిన వస్తువుల దిగుమతికి ఆటంక ముండుటచే, వోయా ఆంటోనిచ్ అనువాడు ఎవరింట వారే కట్టుకొనదగిన గలాక్సియా యంత్రమును రూపొందించెను. ఆ నిర్మాణక్రమమును అచ్చువేసిన పత్రికా ప్రత్యేకసంచిక, 30 వేల ప్రతులతో మొదలై, లక్ష వరకు పోయినది. ఆ యంత్రము పలుకు తప్పుల మాటలు మూడే: భాష తెలియకున్న 'ఏమిటి?', భావము కుదరకున్న 'ఎట్లు?', స్మృతి చాలకున్న 'క్షమింపుము'. బెల్‌గ్రేడ్ 202 రేడియోలో జొరాన్ మోద్లి అను వ్యాఖ్యాత, విమానచోదకుడు కూడ నైనవాడు, పాటల నడుమ శ్రోతలను టేపురికార్డర్లు సిద్ధపరచుకొనుడని హెచ్చరించి, ఆ కీచుధ్వనిని వినిపించెడివాడు. శ్రోతలు తాము వ్రాసిన ప్రోగ్రాములను పంపగా వాటిని సైతము ప్రసారము చేసెను. పాట కోరు శ్రోతల యుత్తరములు మన కెరుకే; ప్రోగ్రాము పంపు శ్రోతలు మనకు దక్కలేదు.

ఆబిడ్సులో కొన్న పుస్తకమును మొన్న మరల తీసితిని. ఆ పాతయంత్రమును నేటి కంప్యూటరులో అనుకరించు సాధనములు కలవు. వాటి సాయమున ఆ ప్రోగ్రామును అచ్చులో నున్నది ఉన్నట్లు ఎక్కించితిని. 340వ పంక్తి వద్ద ఆగిపోయినది. పెన్సిలు దిద్దుబాటు ప్రకారము 'ఓ'ను సున్న చేసితిని, నడచినది. పుస్తకము చివరి ఖాళీపుటలో అదే పెన్సిలుతో నాలుగే నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాసియున్నది. అది అచ్చులోనిది కాదు. ఒకటితో మొదలుపెట్టి, ఆ సంఖ్యను పదునేడుచే గుణించి చూపి, సంఖ్యకు ఒకటి కలిపి, మరల రెండవ పంక్తికి పొమ్మనుట. దాని క్రింద తెలుగులో 'పదిహేడో ఎక్కం - వచ్చింది' అని యొక మాట. ఎవరో, ఎన్నడో, ఏ ఊరో తెలియదు. ఎక్కించి నడిపితిని. ఆగుటకు ఆజ్ఞ వ్రాయుట ఆ రచయిత మరచెను గాబోలు. ఇరువదవ మెట్టు దాటినది, నూరు దాటినది. నేను కాఫీ త్రాగి వచ్చుసరికి పదునేడు ఆరువందల పండ్రెండ్లు పదివేల నాలుగువందల నాలుగు అని చూపుచు ఇంకను పోవుచునే యున్నది. ఆపుటకు మనసొప్పక తెర యార్పి వచ్చితిని.